దద్దుర్లు తగ్గకముందే

టైలరమ్మ ఒంటికి ఎప్పుడు ఏది గిట్టదో ఆ ఒంటికే తెలియదు. సోమవారం పడిన బేరిపండు గురువారం పడదు. కొత్త గుడ్డకు పట్టిన గంజి వాసన, ఇస్త్రీపెట్టె ఆవిరి, పక్కింటివాళ్లు గోడకు వేయించిన రంగు, ఎండ, చలి, ఆఖరికి పొట్ట పట్టుకుని నవ్వడం, వీటిలో ఏ ఒక్కటైనా చాలు. ముందు చెవులు వేడెక్కుతాయి. తర్వాత మెడ మీద, ఛాతీ మీద ఎర్రగా దద్దుర్లు లేస్తాయి. కడుపు మెలిపెడుతుంది, గుండె దడదడలాడుతుంది, కుట్టుమిషన్ చప్పుడు ఎక్కడో పక్క ఊళ్లోంచి వస్తున్నట్టు దూరమైపోతుంది. గంటకో రెండు గంటలకో అన్నీ సర్దుకుని, ఏమీ ఎరగనట్టు ఊరుకుంటాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ ఉలిపికట్టె ఈవిడ చర్మం కింద కాపురం పెట్టింది.

కొట్టు కింద, ఇల్లు పైన. కొట్టులో కొత్త బట్టలు కుట్టరు. బిగుతైనవి వదులు చేస్తారు, పొడుగైనవి కురచ చేస్తారు, చిరిగినవి కలుపుతారు. మిషన్ దగ్గర టైలరమ్మ, కొలతల దగ్గర వదిన. అన్నయ్య దూరప్రాంతాల బస్సు నడుపుతాడు కాబట్టి వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు, ఆ రెండు రోజులూ నిద్రపోతాడు. పై అంతస్తు అమ్మ రాజ్యం. మొహం కడుక్కోకుండా, తల దువ్వుకోకుండా ఆ గడప దాటినవాళ్లు ఇంతవరకు లేరు. నలభై ఏళ్ల కూతురికి కూడా మినహాయింపు లేదు.

ఇప్పటిదాకా చూసిన డాక్టర్లందరూ ఒక్క విషయంలో ఏకమయ్యారు. దురద మాత్ర రాశారు. అది మింగితే దద్దుర్లు కాస్త అణుగుతాయి గానీ మనిషి మబ్బులో పడిపోతుంది. అలా రెండేళ్లపాటు టైలరమ్మ సగం మెలకువలో, సగం కలలో బతికింది. ప్యాంటు అంచు మడిచి కుడుతూ కుడుతూ, తన చేతుల కిందినుంచి పోతున్నది గుడ్డ కాదు, నల్లటి కాలువ అనుకునేది. పాదం ఆపితే నీళ్లు ఆగిపోతాయేమోనని తొక్కుతూనే ఉండేది. వదిన వచ్చి భుజం తట్టేది. కాలువ ఇంకిపోయి ప్యాంటు మిగిలేది, దానికి ఒక కాలు జానెడు ఎక్కువ కుట్టేసి ఉండేది.

"మరదలు పిల్లా, ఈ పెద్దమనిషికి రెండు కాళ్లూ ఒకటే పొడవు. నేనే కొలిచాను" అనేది వదిన, కుట్లు విప్పడానికి కూర్చుంటూ.

చర్మం డాక్టరు, కడుపు డాక్టరు, గుండె డాక్టరు, నరాల డాక్టరు, అందరి గుమ్మాలూ ఎక్కారు. ఆ మాత్ర మత్తులో టైలరమ్మకు అవన్నీ ఒకే పొడవాటి గదిలా కలిసిపోయాయి. ఒకచోట గాజుతొట్టిలో చూసిన చేపలు ఇంకోచోట గోడ మీద ఈదేవి. పేరు పిలిచేది ఎక్కడో, తలుపు తెరుచుకునేది ఎక్కడో. చొక్కాను విప్పదీసి చేతులు ఒకరికీ కాలరు ఒకరికీ ఇచ్చినట్టు, దద్దుర్లు ఒకరు, వాంతులు ఒకరు, గుండెదడ ఒకరు పంచుకున్నారు. అన్నీ కలిపి తొడిగి చూద్దామని ఎవరికీ తోచలేదు. అడిగితే ఎవరికి వారే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. చివరికి అందరూ చెప్పింది ఒకటే మాట. "ఇప్పుడు బాగానే ఉన్నారు కదమ్మా."

నిజంగానే అప్పటికి బాగానే ఉండేది. ఎందుకంటే ఒంట్లో బాగోలేనప్పుడల్లా అమ్మ ముందు మొహం తడిగుడ్డతో తుడిచేది, మాత్ర వేసేది, పడుకోబెట్టేది, ఎరుపు తగ్గాక ఉతికిన బట్టలు తొడిగి, తల దువ్వి, మెడ మీద ఏ కాస్త మచ్చ మిగిలినా పౌడరు అద్ది, అప్పుడు బయలుదేరదీసేది. డాక్టరు దగ్గరికి పెళ్లిచూపులకు వెళ్లినట్టు వెళ్లేవారు. అది ఆ ఇంటి అలవాటు. అలవాటును ఎవరు అనుమానిస్తారు?

మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం మిషన్ పక్కనే టైలరమ్మ కుప్పకూలింది. గొంతు బిగుసుకుపోయింది, పెదాలు ఉబ్బాయి. అంబులెన్సులో తీసుకెళ్లి ఇంజక్షన్ ఇస్తే తేరుకుంది. ఎమర్జెన్సీలో పెద్ద డాక్టరు కాగితం మీద 'ఆందోళన' అని రాసి సంతకం పెట్టాడు. ఆయన వెళ్లాక, డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు చుట్టూ చూసి, జేబులోంచి చీటీ తీసి ఏదో రాశాడు. 'మాస్ట్ సెల్ యాక్టివేషన్ సిండ్రోమ్.'

"ఇదేనేమో అని నా అనుమానం. నేను చూసే జబ్బు కాదు, తెలిసినవాళ్లను పట్టుకోండి. మీకు దగ్గర్లో ఉన్నవాళ్లనే పట్టుకోండి. ఈసారి లేచారు. ప్రతిసారీ లేస్తారని నేను చెప్పలేను."

ఆ ఆఖరి మాట టైలరమ్మ మబ్బులోకి కూడా చొచ్చుకుపోయింది. ఆమెకు చావాలని లేదు. ఇంకా కుట్టాల్సినవి ఉన్నాయి, వదినతో ఆడాల్సిన పోట్లాటలున్నాయి. భయమని రాసిన కాగితం నెత్తిన పెట్టుకుని చావడం అసలే ఇష్టం లేదు.

ఆ జబ్బు చూసే పెద్ద డాక్టరు రైలులో ఏడు గంటల దూరంలో ఉన్నాడని వదిన ఫోన్లు చేసి కనుక్కుంది. బయలుదేరారు. రెండో స్టేషన్ రాకముందే ఎదుటి సీటులో ఒకాయన సెంటు పూసుకున్నాడు. మూడో స్టేషన్లో వదిన ఆమెను దింపి బెంచీ మీద పడుకోబెట్టింది. టైలరమ్మ కళ్లు సగం మూసుకుని, రైళ్లు ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తున్నట్టు, కిటికీల్లో మొహాలన్నీ తనకు తెలిసిన ఎవరివో అయినట్టు చూస్తూ సాయంత్రందాకా పడుకుంది. వదిన పక్కన కూర్చుని విసురుతూనే ఉంది.

"పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు" అంది వదిన. "నీకు తగ్గితే గాని ఆ డాక్టరు దాకా వెళ్లలేవు. ఆ డాక్టరు దాకా వెళ్తే గాని నీకు తగ్గదు. ఇక మన ఊళ్లోనే వెతకాలి."

వెతకడానికి వదినకు ఒక పద్ధతి ఉంది. కొలతలు తీసేటప్పుడు మనిషి రెండు చేతులూ చాపి, మెడలో టేపుతో, గుండుసూదులకు భయపడి కదలకుండా నిలబడతాడు. అంతకన్నా దొరికిపోయిన మనిషి లోకంలో ఉండడు.

"నడుము ముప్పై ఆరు. మాస్ట్ సెల్ యాక్టివేషన్ సిండ్రోమ్ చూసే డాక్టరు ఎవరైనా తెలుసా అండీ? ఊపిరి బిగబట్టకండి, కొలత తప్పుతుంది."

వచ్చినవాళ్లందరినీ ఇలా అడిగింది. బేకరీ ఆయన తన మోకాళ్ల డాక్టరు అడ్రసు ఇచ్చాడు. స్కూలు హెడ్మిస్ట్రెస్ చన్నీళ్ల స్నానం చెప్పింది. ఇంకొకావిడ, మనసు ప్రశాంతంగా ఉంచుకుంటే చాలంది. ఆవిడ గౌను నడుము వదిన కావాలనే అరంగుళం బిగించిందని నాకు గట్టి అనుమానం.

నెల తర్వాత పోస్టుమాన్ ప్యాంటు వదులు చేయించుకోవడానికి వచ్చాడు. వదిన తన ప్రశ్న మొదలుపెట్టేసరికి అతను టేపులోంచి తల తిప్పాడు.

"ఆ పొడుగు పేరు నేను చూశానండీ."

"కదలకండి. ఎక్కడ?"

"పత్రిక మీద. కళ్లద్దాల షాపు మేడ మీద ఒక డాక్టరమ్మ ఉంటుంది. ఆవిడకు నెలనెలా లావుపాటి పత్రిక వస్తుంది, డబ్బాలో పట్టదు. మెట్లెక్కి ఇవ్వాలి, నా మోకాళ్లకు బాగా గుర్తు. అట్ట మీద ఆ పేరు రెండుమూడు సార్లు చదివాను."

కళ్లద్దాల షాపు మూడు వీధుల అవతల. పైన 'అలర్జీ' అని చిన్న బోర్డు ఉంది గానీ, కింద పెద్ద కళ్లజోడు బొమ్మ దాన్ని సగం మింగేసింది. తుమ్ములొచ్చే పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు తప్ప దాని సంగతి ఎవరికీ పట్టలేదు.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం" అని వదిన నెత్తి కొట్టుకుంది. పోస్టుమాన్ దగ్గర డబ్బులు తీసుకోలేదు.

మర్నాడు అమ్మతో సహా ముగ్గురూ ఆ మెట్లెక్కారు. తలుపు మీద చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. 'సెంటు, అగరు వాసనతో లోపలికి రావద్దు. ఇక్కడ పడనివాళ్లు కూర్చుంటారు.' టైలరమ్మ అది రెండుసార్లు చదివి అక్కడే ఏడ్చేసింది. తన గురించి ఒక తలుపుకు ముందే తెలిసి ఉండడం ఆమె ఎన్నడూ ఎరగదు.

డాక్టరమ్మ పొట్టి మనిషి, పాత స్వెట్టరు, గొంతు నెమ్మది. గది ఏ వాసనా లేకుండా ఉంది. తెల్లటి తెర గాలికి లేచి పడుతుంటే, ఆ గదే ఊపిరి తీసుకుంటున్నట్టుంది. నలభై నిమిషాలు మధ్యలో మాటకు అడ్డురాకుండా విన్నది.

"ఒంట్లో కాపలా కణాలుంటాయి" అంది చివరికి. "దొంగ వస్తే గంట కొట్టడం వాటి పని. మీవి పిల్లి నడిచినా కొడుతున్నాయి. మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను."

టైలరమ్మ వదిన చెయ్యి పట్టుకుంది. నమ్ముతున్నాను అన్న మాట ఇంత చిన్నదా అనిపించింది.

"కానీ నేను నమ్మితే సరిపోదు, కాగితం మీద ఉండాలి. గంటలు మోగినప్పుడు రక్తంలో ఒక పదార్థం పెరుగుతుంది, నాలుగు గంటలు దాటితే దిగిపోతుంది. ఆ లోపల రక్తం తీయాలి. అది తేలితే మందులు మారతాయి. ఏ ఎమర్జెన్సీలోనూ భయమని రాసి పంపించలేరు. ఇప్పుడేమో మీ మెడ మీద నాకేమీ కనిపించడం లేదు."

"శుభ్రంగా తయారుచేసి తీసుకొచ్చానండీ" అంది అమ్మ, మెచ్చుకుంటారని.

"అదే వద్దంటున్నానమ్మా. వచ్చినప్పుడు ఉన్నపళంగా తీసుకురండి. స్నానం వద్దు, దువ్వెన వద్దు, తగ్గేదాకా ఆగొద్దు. ఊపిరి అందకపోతే మాత్రం ఈ ఇంజక్షన్ తొడకు పొడిచి అంబులెన్సును పిలవండి."

అమ్మ తలూపింది. మాత్ర మబ్బులో ఉన్నా టైలరమ్మకు ఆ తల ఊపడం ఎందుకో నచ్చలేదు.

పదకొండు రోజుల తర్వాత వచ్చింది. వదిన దారాలూ గుండీలూ కొనడానికి బజారుకు వెళ్లింది. ఇస్త్రీకి మనిషి లేక టైలరమ్మే ఆవిరిపెట్టె పట్టుకుంది. చెవులు వేడెక్కాయి. "అమ్మా, డాక్టరమ్మ దగ్గరికి" అన్నంతవరకు గుర్తుంది. తర్వాత తడిగుడ్డ, మాత్ర, చల్లని దిండు. సాయంత్రం వదిన వచ్చేసరికి ఆమె ఉతికిన బట్టల్లో, రెండు జడలతో, తెల్లగా మెరుస్తూ మంచం మీద ఉంది. అయిదున్నర గంటలు గడిచిపోయాయి.

వదిన దారాల సంచి నేలకేసి కొట్టింది. "అత్తయ్యా! ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది కదా!"

"ఆ మొహంతో వీధిలోకి ఎలా తీసుకెళ్లనే? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

టైలరమ్మ లేచి కూర్చుంది. మత్తులో మాట ముద్దముద్దగా వచ్చింది గానీ గురి తప్పలేదు. "అమ్మా, నాది వేషం అనుకుంటున్నావా?"

"నేనెందుకనుకుంటానే!"

"మరి ఎందుకు దాస్తున్నావు? ఈసారి నేను చచ్చిపోతే, నన్ను నీట్‌గా తయారుచేసి పంపిస్తావు, అంతేగా?"

అమ్మ మడతపెట్టిన తువ్వాళ్లనే మళ్లీ విప్పి మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆ రాత్రి మొదటిసారి అన్నయ్య నిద్రలో గురక పెట్టలేదు.

మూడు వారాలు గడిచాయి. వదిన ఇస్త్రీపెట్టెకు తాళం వేసి తాళంచెవి తనతో తీసుకెళ్లేది. కానీ డ్రైక్లీనింగ్ నుంచి నేరుగా వచ్చిన ఓవర్‌కోటుకు తాళం ఎలా వేస్తారు? ఒకావిడ దాన్ని మిషన్ మీద పరిచి, చేతులు కురచ చెయ్యాలని చెప్పి వెళ్లిపోయింది. ఆ రోజు కూడా వదిన బజారుకు వెళ్లి ఉంది. ఆ మందు వాసన టైలరమ్మ ముక్కులోంచి నేరుగా మోకాళ్లలోకి దిగింది. మిషన్ చప్పుడు పక్క ఊరికి వెళ్లిపోయింది.

పడిన కత్తెర చప్పుడుకు అమ్మ తడిగుడ్డ పట్టుకుని కిందికి దిగింది. కూతురు చక్రాల కుర్చీలో, మిషన్ ముందు కూర్చునే ఆ కుర్చీలోనే, ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. మొహం కందిపోయింది, కనురెప్పలు ఉబ్బాయి, ఏప్రను మీద వాంతి, దాని ఛాతీ నిండా పని కోసం గుచ్చిపెట్టుకున్న గుండుసూదులు.

"ఊపిరి ఆడుతోందా?"

టైలరమ్మ తలూపింది. ఆడుతోంది. కాళ్లే లేవు, తడిసిన గుడ్డల్లా వేలాడుతున్నాయి.

అమ్మ ఎంతసేపు అలా నిలబడిందో టైలరమ్మకు తెలియదు. కలలో నిమిషాలకు కొలత ఉండదు. తర్వాత తడిగుడ్డ బల్ల మీద పడిన చప్పుడు వినిపించింది. "కాళ్లు పైకి పెట్టుకో" అంది అమ్మ గొంతు. కుర్చీ కదిలింది.

అలా ఆ వీధుల్లోంచి టైలరమ్మ ఊరేగింది. ఆ కుర్చీ చక్రాలు నున్నటి గచ్చు మీద మూడు మూరలు దొర్లడానికి చేసినవి. ఇప్పుడవి రాళ్ల మీద ఎగిరెగిరి పడుతున్నాయి. ఆకాశం వెనక్కి పోతోంది. బేకరీ ఆయన చేతిలో రొట్టెతో ఆగిపోయాడు. స్కూలు గేటు దగ్గర పిల్లలు దారి ఇచ్చారు. అద్దాల్లో, కిటికీల్లో, ఆగిన బస్సులో మొహాలే మొహాలు, అన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు మెల్లగా ఇటు తిరుగుతున్నాయి. ఎవరో "ఏమైందండీ?" అన్నారు. వెనకనుంచి అమ్మ ఆయాసం వినిపిస్తోంది, "తప్పుకోండి, తప్పుకోండి" అని మాత్రమే అంటోంది. టైలరమ్మకు భయం వేయలేదు. ఇంత పొడవైన వీధిలో తనను ఇంతమంది చూస్తున్నా అమ్మ ఆగడం లేదని ఆశ్చర్యంగా ఉంది.

కళ్లద్దాల షాపు ఆయన, ఇంకెవరో దారినపోయే మనిషి కలిసి కుర్చీతో సహా మెట్లెక్కించారు. డాక్టరమ్మ తలుపు తీసింది. అమ్మ జుట్టు ఊడి భుజాల మీద పడింది, ఒక కాలికి చెప్పు లేదు.

"చూడండి" అంది అమ్మ. "నా కూతురు ఇలా ఉంటుంది."

డాక్టరమ్మ టైలరమ్మను బల్ల మీద పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టింది. బీపీ చూసి, "కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొస్తారా, పడుకోబెట్టాలి కదా, అంబులెన్సును పిలవాల్సింది" అని కేకలేస్తూనే ఇంజక్షన్ ఇచ్చింది, సెలైన్ పెట్టింది. రక్తం తీసి, సీసా మీద టైము వేసింది. వాసన మొదలై నలభై నిమిషాలైంది.

నెమ్మదించాక ఒక రోజు రెండోసారి రక్తం తీశారు. ఆ తర్వాత పది రోజులకు ముగ్గురూ డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నారు. కాగితం మీద రెండు అంకెలున్నాయి. మామూలు రోజుది ఒకటి, ఆ రోజుది దానికి మూడింతలు.

"ఇది భయం కాదు" అంది డాక్టరమ్మ. "జబ్బు. పేరున్న జబ్బు, మందున్న జబ్బు. మాత్రలు మారుస్తున్నాను, ఈ మబ్బు కూడా తగ్గుతుంది. ఈ ఉత్తరం ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. ఏ ఆసుపత్రిలో చూపించినా నాకు ఫోన్ చేస్తారు."

వదిన ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు చేతిసంచి అడుగున దాచింది. టైలరమ్మకు ఒళ్లు తేలికైంది. చాన్నాళ్ల తర్వాత కిటికీ కిటికీలా, తెర తెరలా కనిపించాయి.

"ఇంకో సంగతి" అంది డాక్టరమ్మ. "ఏమీ లేని రోజున తీసిన రక్తంలో కూడా ఇది ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంది. కొన్ని కుటుంబాల్లో ఇది పెద్దవాళ్ల నుంచి పిల్లలకు వస్తుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా ఆయనకు నిద్ర జబ్బు తప్ప ఏమీ లేదండీ" అంది వదిన. "అత్తయ్య అయితే గుండ్రాయిలా ఉంటారు."

డాక్టరమ్మ నవ్వింది. టైలరమ్మ కూడా నవ్వి అమ్మ వైపు తిరిగింది. అమ్మ నవ్వలేదు.

"పొయ్యి సెగ తగిలితే వచ్చేది" అంది అమ్మ, బల్ల అంచును చూస్తూ. "కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు. మొహమంతా కందిపోయి, కళ్లు తిరిగి కూలబడేదాన్ని. పని ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తోందన్నారు. అందరి ముందూ అన్నారు. ఇక అప్పట్నుంచి, రాగానే గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేదాన్ని. తగ్గాక మొహం కడుక్కుని, తల దువ్వుకుని బయటికి వచ్చేదాన్ని. ఎవరికీ తెలియలేదు. మీ నాన్నకు కూడా తెలియదు. దీన్ని ఎవరూ ఆ మాట అనకూడదనుకున్నాను, అంతేనండీ."

టైలరమ్మకు కోపం వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్కసారి, ఒక్క మాట చెప్పి ఉంటే! ఆ కోపం నోటిదాకా వచ్చేలోపల, మూసిన తలుపు వెనక గోడకు ఆనుకుని ఒంటరిగా నిలబడ్డ ఒక ఇరవై ఏళ్ల పిల్ల ఆమెకు కళ్లెదుట కనిపించింది. ఆ పిల్ల తనకన్నా ఎంతో చిన్నది. ఆ పిల్లను ఏమీ అనలేకపోయింది.

డాక్టరమ్మ కొత్త కార్డు ఒకటి తీసింది. "ఇప్పుడూ వస్తుందా అమ్మా? ఆఖరిసారి ఎప్పుడు వచ్చింది?"

అమ్మ కూతురి వైపు చూసింది. తర్వాత జాకెట్టు పొడుగు చెయ్యి గుండీ విప్పి, మోచేతి పైదాకా మడిచి, చెయ్యి బల్ల మీద పెట్టింది. మణికట్టు నుంచి పైదాకా ఎర్రగా లేచి ఉన్నాయి. అవేమిటో టైలరమ్మకు ఏ డాక్టరూ చెప్పనక్కర్లేకపోయింది.